ఊపిరాడేంత సందు

నాకు కోపం ఎక్కువని చీపురుపల్లిలో అందరూ అంటారు. అది అబద్ధం. పని చేతగానివాళ్ళంటే నాకు మంట, అంతే. చేతగానివాడు ఎదురుగా నిలబడి అన్నీ తెలిసినట్టు మాట్లాడితే నోరు ఊరుకోదు. ఆ నోటితోనే మా చెల్లెలి మొగుడు గంగరాజుని పొందూరు వీధిలో, నలుగురూ చూస్తుండగా, పశువుని తిట్టినట్టు తిట్టాను. అరవై ఎనిమిదిలో, జ్యేష్ఠమాసంలో జరిగిందది. అతను తల వంచుకుని విన్నాడు. ఒక్క మాట తిరిగి అనలేదు. తప్పు చేశాడు కాబట్టే నోరెత్తడం లేదనుకుని ఇంకో నాలుగు కలిపాను.

తిట్టడానికి కారణం ఉంది. గంగరాజు పశువుల ఆసుపత్రిలో కాంపౌండరు. చుట్టుపక్కల ఊళ్ళకి మందుల పెట్టె మోసుకుని తిరగాలి. ఎవరో చెబితే విని, మిలట్రీ వాళ్ళ వేలంలో పాత మోటారుసైకిలు ఒకటి కొన్నాడు. ఇసకలో పోతుంది, బురదలో పోతుంది, పొలం గట్టు మీద కూడా పోతుంది. దారితో దానికి పని లేదు. ఆ బండి మీద మా చెల్లెలు కూర్మమ్మని ఎక్కించుకుని మా ఇంటినుంచి పొందూరు వెళుతూ, సిగడాం దాటాక చెరువు గట్టు మలుపులో పడేశాడు. అతనికి మోకాలు చెక్కుకుపోయింది. కూర్మమ్మకి కుడి మణికట్టు విరిగింది.

ఆ చెయ్యి అలాంటిలాంటి చెయ్యి కాదు. మాది స్టేషను దగ్గర బాడుగ బళ్ళు తోలే ఇల్లు. ఎద్దులూ బళ్ళూ తప్ప మరేమీ తెలియని పిల్ల, పొందూరు కాపురానికి వెళ్ళాక అక్కడి ఆడవాళ్ళ పక్కన కూర్చుని నూలు వడకడం నేర్చుకుంది. వాలుగ చేప దవడతో పత్తి దువ్వి, కళ్ళకి ఆనని దారం తీసేది. పుట్టినప్పటినుంచీ అదే పనిలో ఉన్నవాళ్ళు కూడా ఆమె నూలు వేళ్ళమధ్య పెట్టి చూసి మెచ్చుకునేవారు. కట్టు విప్పాక ఎముక అతికిందన్నారు కానీ, వేళ్ళు మాట వినలేదు. జానెడు తీసేలోపు దారం తెగిపోతోందట. ‘చెయ్యి ఆడటం లేదన్నా’ అని ఎవరిచేతో కార్డు రాయించింది. ఆ కార్డు చదివించుకున్న రోజు నా రిపేరు షెడ్డులో ఒక్కణ్ణే కూర్చుని గంగరాజుని మళ్ళీ తిట్టాను.

అతను బండిని పశువులశాలలో తోసి గోనె కప్పేశాడు. ఊళ్ళకి నడిచి వెళ్ళడం మొదలుపెట్టాడు. శ్రావణంలో ఏదో ఊళ్ళో పశువులకి గొంతువాపు తగిలితే, కబురందుకుని ఇతను మందుపెట్టెతో చేరేసరికి రెండు ఎడ్లు పోయాయి. ఒకే రైతువి, ఒకే కాడివి. అది కూడా అతని ఖాతాలోకే వెళ్ళింది. బండి ఉండి కూడా నడిచి వచ్చాడని వాళ్ళు, బండి తోలడం రాదు కాబట్టే నడుస్తున్నాడని నేను.

భాద్రపదంలో ఒకరోజు పొద్దున్న పాసింజరుకి మొగుడూ పెళ్ళాలిద్దరూ దిగారు. బండి బ్రేకు వాన్లో వచ్చింది. దాన్ని తోసుకుంటూ స్టేషను ఎదురుగా ఉన్న నా షెడ్డుకి తెచ్చారు. గంగరాజు చిక్కిపోయాడు. నాకేసి చూడలేదు.

“నాను మరి దీన్ని ముట్టుకోను బావా. నీ సెల్లి పోరు పడలేక తెచ్చినాను. బాగు సేసి ఎవులికైనా అమ్మీ,” అన్నాడు.

“పొందూర్లో మెకానిక్కు లేడా?” అన్నాను కూర్మమ్మతో.

“ఉన్నాడు,” అంది కూర్మమ్మ. “నువ్వే ఇప్పాల. నీ సేత్తోనే ఇప్పాల.”

నాకు గర్వంగా అనిపించింది ఆ మాట. ఎంతైనా అన్న పని అన్న పనే అనుకుంటోంది కాబోలని లోపల మురిసిపోయాను. నా తెలివి అంతవరకే.

బండిని దుంగ మీదకెత్తి నిలబెట్టాను. ఏ మోటారుసైకిలుకైనా వెనక చక్రాన్ని రెండువైపులా పట్టుకునే పంగలకర్రలాంటి ఇనప చట్రం ఉంటుంది. నేను పని నేర్చుకున్న విజయనగరం షెడ్డులో దాన్ని వెనక ఫోర్కు అనేవారు. దాని మొదలు బండి నడుములో ఒక ఇరుసుకి గుచ్చి ఉంటుంది. గతుకు వచ్చినప్పుడు చక్రంతో పాటు అది పైకీ కిందికీ ఆడుతుంది, స్ప్రింగులు దాన్ని కాస్తాయి. చక్రం అంచు పట్టుకుని పక్కకి ఊపి చూశాను. టక్కుమంది. ఇటు ఊపితే ఇటు టక్కు, అటు ఊపితే అటు టక్కు.

“చూశావా, పడేసిన దెబ్బకి నడుం కదిలిపోయింది,” అన్నాను. గంగరాజు లేచి వెళ్ళి బయట బల్ల మీద కూర్చున్నాడు.

గొలుసు తీశాను. చక్రం తీశాను. స్ప్రింగుల బోల్టులు ఊడదీశాను. ఇరుసు నట్టు విప్పి చెక్క సుత్తితో రెండు దెబ్బలు వేస్తే ఇరుసు బయటికొచ్చింది. ఫోర్కుని కిందకి దింపి, అది కూర్చునే చోటు కిరసనాయిలు గుడ్డతో తుడిచాను. జిడ్డు పోయాక బండి నడుం లోపలి ముఖం మీద ఒక మచ్చ కనిపించింది. చుట్టూ అంతా నల్లగా ఉంది, ఆ ఒక్క చోటు మాత్రం వెండిలా మెరుస్తోంది.

పడిన దెబ్బ అయితే సొట్ట పడుతుంది, గీత పడుతుంది. మెరుపు రాదు. రోజుల తరబడి ఇనుము ఇనుముతో రుద్దుకుంటేనే అలా మెరుస్తుంది. అంటే పడకముందు నుంచీ ఆ ఫోర్కు పక్కలకి ఆడుతోందన్నమాట. వేలు పెట్టి చూశాను. సందు బియ్యపుగింజంత ఉంది.

బియ్యపుగింజంత అనుకోగానే మా అయ్య గుర్తొచ్చాడు.

మా అయ్య ఎడ్లబండి చక్రం ఎక్కించేటప్పుడు, చక్రానికీ, అది ఊడిపోకుండా ఇరుసు కొసన కొట్టే చీలకీ మధ్య ఒక బియ్యపుగింజ పట్టేంత సందు వదిలేవాడు. “సక్రానికి ఊపిరాడాలిరా ఎల్లాజీ. బిగబట్టినావంటే ఇరుసు కాలిపోతాది,” అనేవాడు. ఆ మాట వింటూ పెరిగాను. నిజమే, ఎడ్లబండి చక్రం అటూ ఇటూ కాస్త ఆడుతూనే నడవాలి. ఆ చప్పుడు వినబడకపోతే మాకు నిద్ర పట్టేది కాదు.

వైశాఖంలో ఈ బండి ఫోర్కులో ఇరుసు తిరిగే గొట్టాలు, అదే బుష్షులు, అరిగాయని గంగరాజు తెస్తే కొత్తవి వేసింది నేనే. తిరిగి బిగించేటప్పుడు ఫోర్కు పట్టేసినట్టు, బిగుతుగా అనిపించింది. రెండు పక్కలా రేకు వాషర్లు ఉంటాయి, ఇంచుమించు బియ్యపుగింజ మందం. ఎడమవైపు జంటగా ఉన్నవాటిలో ఒకదాన్ని తీసేశాను. అప్పుడు హాయిగా ఆడింది. ఇదీ పనంటే అనుకున్నాను. తీసిన వాషరు పారెయ్యడం ఎందుకని గోడకున్న మేకుకి తగిలించాను.

తల తిప్పి చూశాను. మేకుకి అది అలాగే ఉంది. నాలుగు నెలలుగా నా కళ్ళెదురుగానే ఉంది.

ఇంకొకటి కూడా అప్పుడే గుర్తొచ్చింది. వాళ్ళు పడిన రోజు పొద్దున్న మా గుమ్మంలో బండి ఎక్కబోతూ గంగరాజు, “ఎనక కూసింత ఆడతన్నట్టు ఉన్నాది బావా, ఓపాలి సూడకూడదా,” అని అడిగాడు. నేను పళ్ళు తోముకుంటున్నాను. పుల్ల నోట్లోంచి తియ్యకుండానే, “ఆడాలయ్యా. ఆడకపోతే ఊపిరాడదు. బండి కాదు, నీ చేతులు ఆడుతున్నాయి,” అన్నాను. అతను నవ్వి, స్టార్టు చేసి, నా చెల్లెల్ని ఎక్కించుకుని వెళ్ళాడు.

ఎడ్లబండి గంటకి కోసెడు దూరం పోతుంది. ఇది పది కోసులు పోతుంది. ఆ తేడా నాకు తెలియదా? తెలుసు. విజయనగరం షెడ్డులో మేస్త్రి మొదటి రోజే చెప్పాడు, ఫోర్కు పైకీ కిందికీ ఆడాలి, పక్కకి వెంట్రుకవాసి కూడా ఆడకూడదని. తెలిసి కూడా చెయ్యి పాత దారిలో పోయింది. నేను చూస్తూ ఊరుకున్నాను, పైగా మురిశాను.

షెడ్డులో నేనొక్కణ్ణే నిలబడి ఉన్నాను. గంగరాజు బయట వీపు ఇటు పెట్టి కూర్చున్నాడు. కూర్మమ్మ గడపమీద కూర్చుని ఎడమచేత్తో కుడి మణికట్టు నొక్కుకుంటోంది. దాచుకోకుండా చెబుతున్నాను, అప్పుడు నాకు వచ్చిన ఆలోచన మంచిది కాదు. వాషరు తీసి వేసేస్తే అయిపోతుంది. ఆ మచ్చ మళ్ళీ లోపలికి వెళ్ళిపోతుంది. బండి ఎవరికో అమ్ముడుపోతుంది. నేను పనిమంతుణ్ణిగానే మిగులుతాను, గంగరాజు చేతగానివాడుగానే మిగులుతాడు. ఇప్పటికే అలవాటు పడ్డాడు కదా అనుకున్నాను. ఛీ, ఎంత మాట అనుకున్నాను.

మేకు దగ్గరికి వెళ్ళి వాషరు తీశాను. బుష్షులకి గ్రీజు పట్టించాను. ఫోర్కు ఎక్కించడానికి ఒక మనిషి చాలడు. బరువు ఒకరు ఎత్తి పట్టాలి, ఎడమపక్క వాషర్లు జారిపోకుండా ఒకరు నిలపాలి, ఇరుసు ఒకరు గుచ్చాలి.

“గంగరాజూ, ఇలా వచ్చి పట్టు,” అన్నాను. ముట్టుకోనన్న మనిషి, లేచి వచ్చి రెండు చేతులా ఫోర్కు ఎత్తి పట్టుకున్నాడు.

“నాను ఏటి పట్టుకోవాల?” అంది కూర్మమ్మ.

“నువ్వొద్దు.”

“ఎందుకొద్దు? ఏళ్ళు పడిపోనేదు కదా, దారానికే పనికిరాకుండా పోనాయి.” వచ్చి ఎడమవైపు చతికిలబడి చెయ్యి చాపింది. విరిగిన చెయ్యే చాపింది.

ఫోర్కులోంచి తీసినదీ, మేకుకున్నదీ, రెండు వాషర్లూ ఆ చేతిలో పెట్టాను. ఆమె వాటిని బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పెట్టి, దారం చూసినట్టు చూసింది. ఒకటి ఇటు, ఒకటి అటు జరిపి మళ్ళీ చూసింది.

“ఒకటి అరిగింది. ఒకటి అరగనేదు,” అంది. “ఇది ఎక్కడిదన్నా?”

“మేకుకుంది.”

“ఎప్పుట్నుంచి?”

సుత్తి పట్టుకుని నిలబడ్డాను. కూర్మమ్మ ఇంక అడగలేదు. రెండు వాషర్లూ ఒకదానిమీద ఒకటి పెట్టి, బండి నడుముకీ ఫోర్కుకీ మధ్య సందులోకి జరిపి, వేలి కొసతో నిలిపి ఉంచింది. వేలు వణుకుతోంది కానీ వాషర్లు జారలేదు. “గుచ్చు,” అంది. కుడివైపునుంచి ఇరుసు గుచ్చాను. బుష్షు దాటి, ఫోర్కు దాటి, ఆమె వేలి దగ్గరికి వచ్చినప్పుడు ఆమె వేలు తీసేసింది, ఇరుసు వాషర్ల కన్నంలోంచి తిన్నగా దూరింది. చెక్క సుత్తితో చివరిదాకా దించి నట్టు బిగించాను. గంగరాజు చేతులు వదిలాడు.

ఫోర్కు కొస పట్టుకుని ఎత్తాను, దించాను. మెత్తగా ఆడింది. పక్కకి ఊపాను. చప్పుడు లేదు. మళ్ళీ ఊపాను. బండి మొత్తం కదిలింది కానీ ఫోర్కు కదల్లేదు.

ఇంక స్ప్రింగులు బిగించి, చక్రం వేసి గొలుసు తగిలిస్తే అయిపోతుంది. నేను చక్రం అందుకోలేదు.

“గంగరాజూ,” అన్నాను. “నిన్ను పొందూరు వీధిలో ఎన్ని మాటలన్నాను?”

“ఇప్పుడదెందుకు బావా.”

“చెప్పు.”

“లెక్కెట్టుకోనేదు.”

“అన్నీ నాకే తగలాలి. నువ్వు పడెయ్యలేదు. నేను పడేశాను. ఆ వాషరు వైశాఖంలో నేను తీసేశాను. ఎడ్లబండనుకుని సందు వదిలాను. ఆడుతోందని నువ్వు చెప్పావు, నేను వినలేదు. దీని చెయ్యి విరగ్గొట్టింది నేను.” అంతవరకు బాగానే చెప్పాను. తరవాత ఏడుపొచ్చింది. యాభై ఏళ్ళవాణ్ణి, పాసింజరుకి వచ్చిపోయే జనమంతా చూసే షెడ్డులో, గ్రీజు చేతులతో మొహం కప్పుకుని ఏడ్చాను.

గంగరాజు నాకేసి చూడలేదు. కూర్మమ్మకేసి చూశాడు.

“నాను సెప్పినానా నేదా?” అంది కూర్మమ్మ అతనితో. గొంతు కటువుగా ఉంది. తరవాత నావైపు తిరిగింది. “నాను బళ్ళు తోలే ఇంట్లో పుట్టిన దాన్నన్నా. ఎనక కూకుంటే తెల్దా, తోలినోడు తిప్పితే తిరిగిందో, సక్రం దానంతటది తిరిగిందో. పడ్డ రోజే సెప్పినాను, నీ తప్పు కాదు, పంగలో ఆట ఉన్నాదని. ఇన్నేదు. నన్ను ఊరుకోబెట్టడానికి సెప్తన్నావన్నాడు. ఏటన్నాడో తెలుసా, మీ అన్న బిగించినదానిలో ఆట ఎలగుంటాది, మీ అన్న సేతిలో తప్పు రాదు, అన్నాడు.”

తిట్లు తింటే ఎలా ఉంటుందో నాకు తెలియదు, నన్నెవరూ తిట్టరు. ఆ మాట తిన్నాను. నేను వీధిలో నిలబెట్టి బూతులు తిట్టిన మనిషి, ఇంట్లోకి వెళ్ళి పెళ్ళాం దగ్గర నా చేతిపని వెనకేసుకొచ్చాడు.

“అప్పుడే నాకు చెప్పొచ్చు కదే,” అన్నాను.

“సెప్తే నువ్వు ఇంటావా? వొప్పుకుంటావా? నువ్వే ఇప్పాల, నువ్వే సూడాల. ఆ మాట నీ నోట వస్తేనే ఈయన నమ్ముతాడు. అందుకే తెచ్చినాను. నువ్వు సెప్తావో, మూసీసి ఊరుకుంటావోనని ఇందాకట్నుంచి గుండె అరసేతిలో ఎట్టుకుని కూకున్నాను.” అప్పుడు కూర్మమ్మ కూడా ఏడ్చింది.

గంగరాజు మాత్రం ఏడవలేదు. వంగి చక్రం అందుకుని తనే ఫోర్కులో పెట్టాడు. నేను చక్రం ఇరుసు గుచ్చాను, స్ప్రింగులు బిగించాను, గొలుసు వేశాను.

“నలుగురిలో తిట్టాను. నువ్వూ నలుగురిలో తిట్టు,” అన్నాను చివరికి.

“నాకు తిట్టడం రాదు బావా.”

“అయితే ఆ వీధికి నేనే వస్తాను. నేనే చెబుతాను.”

“మరింకేటి, బండెక్కు,” అంది కూర్మమ్మ. “నాను సాయంత్రం రైలుకి వస్తాను. నీ పని మీద ఓపాలి నువ్వు కూకోని సూడు.”

గంగరాజు బండికేసి చాలాసేపు చూశాడు. హేండిలు మీద చెయ్యి వేశాడు, తీశాడు. మళ్ళీ వేశాడు. నాలుగు తన్నులకి స్టార్టయింది. నేను వెనక ఎక్కాను.

పొందూరు వీధిలో నేనేం చెప్పానో ఆ వీధివాళ్ళని అడిగితే చెబుతారు. దాలమ్మ అనే ముసలామె నన్ను చూడగానే, “ఏటి బాబూ, మళ్ళీ తిట్టడానికొచ్చినావా,” అని అడిగిందని కూడా చెబుతారు. కూర్మమ్మ చెయ్యి మునుపటిలా రాలేదు. ముతక నూలు వడుకుతుంది, సన్నది రాదు. అది నా ఖాతాలో ఉంది, ఎప్పటికీ ఉంటుంది. ఆ మేకు మాత్రం పీకెయ్యలేదు. ఏ బండి బిగించినా ఒకసారి తల తిప్పి అటు చూస్తాను.

కానీ నాకు గుర్తుండిపోయింది వీధి కాదు, గట్టు.

సిగడాం దాటాం. ఎడమపక్క చెరువు నిండుగా ఉంది. మలుపు కనబడగానే గంగరాజు బండి నెమ్మది చేశాడు. నేను రెండు చేతులూ అతని భుజాల మీద వేసి కూర్చున్నాను. మలుపు సగం తిరిగేసరికి నా చేతుల కింద అదురు మొదలైంది. చిన్నగా మొదలై పెద్దదైంది. మళ్ళీనా అనుకున్నాను. వాషర్లు రెండూ వేశాను, నట్టు బిగించాను, ఊపి చూశాను, ఇంకా ఎక్కడ తప్పు చేశాను అనుకుంటూ వంగి కిందకి చూశాను. చక్రం తిన్నగా గాడిలో పోతోంది. ఫోర్కు పైకీ కిందికీ ఆడుతోంది, పక్కకి కదలడం లేదు.

అదురు బండిది కాదు. మూడు నెలలు ఒక్క మాట అనని మనిషి, హేండిలు వదలకుండా, దారి మీదనుంచి చూపు తిప్పకుండా ఏడుస్తున్నాడు.

ఆపమని నేను అనలేదు. అతనూ ఆపలేదు. గట్టు దిగి, పొలాలు దాటి పొందూరు చేరేవరకు ఆ భుజాల మీద చేతులు తియ్యకుండా కూర్చున్నాను.